అన్నీ ఉన్న అమ్మానాన్నలకి క్రిస్మస్‌కి ఏం ఇవ్వాలి?

చిన్నకూతురు:
అందరికీ నమస్కారం. డిసెంబర్ దగ్గర పడుతోందంటే నాకు ఒకటే టెన్షన్. అమ్మకి 74, నాన్నకి 79. దేవుడి దయవల్ల ఇద్దరూ తిరుగుతున్నారు, ఎవరి పనులు వాళ్లే చేసుకుంటున్నారు. ఏదైనా వస్తువు కావాలనిపిస్తే ఆ వారంలోనే కొనేసుకుంటారు, క్రిస్మస్ దాకా ఆగరు. అడిగితే "మాకేం వద్దమ్మా, మీరంతా వస్తే అదే చాలు" అంటారు. అలాగని ఉత్త చేతులతో వెళ్లడానికి మనసొప్పదు.

పోయినసారి మేం ముగ్గురం ఇచ్చినవన్నీ బీరువాలో ఉన్నాయి. స్వెటర్లు, వాచీ, వెండి ఫోటో ఫ్రేము. అమ్మ వాటిని పారేయదు, వాడదు. అప్పుడప్పుడూ బయటికి తీసి, దుమ్ము దులిపి, మళ్లీ లోపల పెడుతుంది. ఇంకో వస్తువు ఇచ్చి ఆవిడకి ఇంకో పని పెట్టాలని లేదు. మీ ఇళ్లల్లో ఏమిచ్చారో చెప్పండి. వినడానికి బాగున్నవి కాదు, ఇచ్చిన ఆర్నెల్ల తర్వాత కూడా వాళ్ల చేతుల్లో కనిపిస్తున్నవి.

రెండోవాడు:
మా నాన్నకి ఆయన ఇష్టపడే పత్రికకి ఏడాది చందా కట్టాను. నెలనెలా వస్తుంది, చదివాక తెలిసినవాళ్లకి ఇచ్చేస్తారు. ఇంట్లో పేరుకుపోదు. అది వచ్చిన రోజు నాకు ఫోన్ కూడా వస్తుంది, అందులో ఏం రాశారో చెప్పడానికి. నాకు ఆ ఫోనే ఎక్కువ.

నిదానం:
చిన్నకూతురు గారూ, వాళ్ల దగ్గర ఏం లేదో వెతికితే మీకేమీ దొరకదు, అన్నీ ఉన్నాయని మీరే అంటున్నారు కదా. నేను ఇంకోలా చూస్తాను. ఈ రెండు మూడేళ్లలో వాళ్లు చప్పుడు చేయకుండా ఏం మానేశారు?

పెద్దవాళ్లు మానేసేటప్పుడు చెప్పరు. "ఈ మధ్య చదవబుద్ధి కావట్లేదు" అంటారు, మనం నిజమే అనుకుంటాం. మా నాన్న రాత్రి భోజనం తర్వాత చదివే మనిషి. క్రమంగా పుస్తకం పొద్దుటికి మారింది, అదీ కిటికీ పక్క కుర్చీలోనే. ఆసక్తి తగ్గిందనుకున్నాం. గదిలో వెలుతురు చాలట్లేదు, అంతే. అలాగే ఉత్తరాలు రాయడం మానేసినావిడకి పెన్ను పట్టుకుంటే వేళ్లు నొప్పి కావచ్చు. పాటలు వినడం మానేసినాయనకి ఫోన్‌లో ఆ అక్షరాలు కనపడకపోవచ్చు. మానేసిన పని ఏదో తెలిస్తే, దానికి అడ్డం ఏం పడిందో చూడండి. కానుక అక్కడ దొరుకుతుంది.

చిన్నకూతురు:
ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. అమ్మ కుట్టు మానేసింది. మా చిన్నప్పుడు మా బట్టలన్నీ ఆవిడ చేతి మీదే. మెషీన్ మీద ఇప్పుడు ఒక బట్ట కప్పి, దానిమీద పూలకుండీ పెట్టింది. "ఇంకెవరికి కుట్టాలి" అంటుంది. నాన్న సంగతి వేరు. అందరం చేరి మాట్లాడుకుంటుంటే ముందు బాగానే కూర్చుంటారు, తర్వాత మెల్లగా లేచి తన గదిలోకి వెళ్లిపోతారు. నిద్రొస్తోంది అంటారు.

వెలుగునీడ:
అమ్మగారి కుట్టు గురించి నేను చెప్తాను, కళ్లద్దాల రంగంలో పని నాది.

వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి లెన్స్ మందమై పసుపు రంగులోకి తిరుగుతుంది. 20 ఏళ్ల మనిషి రెటీనాకి చేరే వెలుతురులో సుమారు మూడో వంతే 60 ఏళ్ల మనిషికి చేరుతుంది. మనకి దివ్యంగా ఉన్న గది వాళ్లకి మసక. ముదురు రంగుల తేడా ముందు పోతుంది. నలుపు, ముదురు నీలం ఒకటిగా కనిపిస్తాయి. నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టు వేయమంటే ఆ వయసులో ఎవరికైనా విసుగే.

అందుకని ముందు కంటి పరీక్ష. శుక్లాలు ఉంటే లైటు ఒక్కటే చాలదు, అది డాక్టరు తేల్చాల్సిన విషయం. అద్దాల నంబరు సరిగ్గా ఉందంటే అప్పుడు లైటు. సీలింగు లైటు పెద్దది వేయడం కాదు. మెడ వంగే దీపం, చేతి దగ్గరికి వచ్చేది కావాలి. దూరం సగానికి తగ్గిస్తే పడే వెలుతురు నాలుగింతలవుతుంది, కాబట్టి పెద్ద బల్బు కన్నా దగ్గరికి జరిగే దీపమే మేలు. కుడిచేతి వాటం అయితే ఎడమవైపు పెట్టాలి, లేకపోతే తన చేతి నీడ తన పని మీదే పడుతుంది. బల్బు కంటికి నేరుగా కనపడకూడదు, డొప్ప అంచు కళ్ల కన్నా కిందకి ఉండాలి. ఎల్ఈడీ కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది. అది 90 పైన ఉంటే దారం రంగులు సరిగ్గా తెలుస్తాయి. స్విచ్ మాత్రం తప్పకుండా చూడండి. వైరు మధ్యలో దాక్కున్న బుల్లి స్విచ్ అయితే ఆవిడ రెండు రోజులు వెతికి వదిలేస్తారు. దీపం తలమీద తట్టితే వెలిగేది, లేదా పెద్ద బటన్ ఉన్నది తీసుకోండి.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. నాన్నగారు లేచి వెళ్లిపోవడం గురించి రెండు మాటలు. ఒకసారి చెవులు చూపించండి.

వయసుతో ముందు తగ్గేది సన్నటి, హెచ్చు శబ్దాలు వినే శక్తి. స, శ, ఫ లాంటి హల్లులు అందులోనే ఉంటాయి. అచ్చులు గట్టిగానే చెవిన పడతాయి. అంటే మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. పిల్లల గొంతులు, ఆడవాళ్ల గొంతులు ఇంకా కష్టం. ఒకరితో ఎదురుగా అయితే పెదాలు చూస్తూ నెట్టుకొస్తారు. పదిమంది ఒకేసారి మాట్లాడే పండగ పూట మాత్రం వల్ల కాదు. ప్రతిసారీ "ఏంటి? ఏంటి?" అనడం నామోషీ, కాబట్టి నిద్రొస్తోంది అంటారు. నేను వార్డులో చూసే ముసలివాళ్లల్లో ఇది ఎంత మందికి ఉంటుందో చెప్పలేను.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మతిమరుపు జబ్బుకి (డిమెన్షియా) దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాలు చెప్పింది. అందులో వినికిడి లోపం ఒకటి.

కానీ వినికిడి యంత్రం కొని రంగుకాగితంలో చుట్టి ఇవ్వకండి. అది పరీక్ష చేసి, ఆయన చెవికి తగ్గట్టు అమర్చాల్సిన వస్తువు. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో గిన్నెల చప్పుడు కూడా భరించలేరు. పరీక్షకి మీరు వెంట వెళ్లండి. ఆలోపు ఇవ్వదగినది టీవీకి కలిసే వైర్‌లెస్ హెడ్‌ఫోన్. ఆయన సౌండ్ ఆయనకి, ఇంట్లోవాళ్ల సౌండ్ వాళ్లకి. చెవులు మూసేసే పెద్దవి అయితే చెమట పడుతుంది, తేలికవి చూడండి. ఛార్జింగ్ స్టాండు మీద పెట్టేస్తే చాలు అనేలా ఉండాలి.

ఇంకొకటి, ఎవరు ఎంత చెప్పినా బలం మందులు, విటమిన్ డబ్బాలు, మూలికల పొడులు కానుకగా ఇవ్వకండి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లకి విటమిన్ కె మందు పనిని తగ్గించేస్తుంది. వాళ్లు ఏ మాత్రలు వేసుకుంటున్నారో డాక్టరుకి తెలుసు, మనకి పూర్తిగా తెలియదు.

రెండోవాడు:
ఇక్కడ నేను ఒప్పుకోను. దీపం, హెడ్‌ఫోన్, చెవి పరీక్ష... ఇవన్నీ కావలసినవే. కానీ క్రిస్మస్ పూట చెట్టు కింద పొట్లం విప్పితే బీపీ మెషీన్ కనిపించిందనుకోండి, ఆ మనిషికి ఎలా ఉంటుంది? మా పెదనాన్నకి సరిగ్గా అదే ఇచ్చారు వాళ్లబ్బాయి. ఆయన "చాలా మంచిది నాయనా" అని నవ్వి పక్కన పెట్టారు. ఆ సాయంత్రమంతా ఆయన చెయ్యి మాటిమాటికీ తన మణికట్టు మీదికే పోయింది, నాడి చూసుకుంటూ.

అవసరాన్ని అవసరంగా కొనివ్వండి, ఏ మంగళవారమో. పండగ కానుక ఆయన్ని ముసలాడిగా కాక నాన్నగా చూడాలి.

నిదానం:
రెండోవాడు గారి మాటలో నిజం ఉంది. బీపీ మెషీను, బాత్రూం పట్టుకడ్డీలు, నడవడానికి కర్ర, ఇవి ఏ రోజైనా తెచ్చి పెట్టొచ్చు, పండగకి ఆగక్కర్లేదు. నేను వాటి గురించి అనలేదు. ఆ రెండింటికీ తేడా ఉంది. పట్టుకడ్డీ పడకుండా కాపాడుతుంది, కుట్టు దీపం కుట్టుని తిరిగి తెస్తుంది. కానుక ఎప్పుడూ రెండో రకంలోంచి ఏరాలి. దీపంతో పాటు మనవరాలి గౌనుకి సరిపడా బట్ట కూడా పెడితే అక్కడ చూపు తగ్గిన మనిషి ఎవరూ కనపడరు, కుట్టేవాళ్లు కనిపిస్తారు.

ఒక్క జాగ్రత్త. కొందరు కొన్ని పనులు ఇష్టపడే మానేస్తారు. నలభై ఏళ్లు కుట్టి విసిగిపోయి ఉండొచ్చు. మాటల్లో మాటగా కదిపి చూడండి. "అప్పట్లో నా నీలం గౌనుకి చేతులు ఎలా కుట్టావమ్మా" అంటే ఆవిడ కళ్లు ఎటు పోతాయో చూస్తే తెలిసిపోతుంది.

లెక్కలమాస్టారు:
ఆర్థికశాస్త్రంలో దీని మీద ఒక ప్రసిద్ధమైన వ్యాసం ఉంది. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆయన 1993లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో రాశారు. పుచ్చుకున్నవాళ్లు తమకొచ్చిన కానుకకి కట్టే విలువ, ఇచ్చినవాళ్లు పెట్టిన ఖర్చు కన్నా తక్కువగా ఉంటుందని, విలువలో 10 శాతం నుంచి మూడో వంతు దాకా ఇలా వృథా అవుతుందని లెక్క తేల్చారు. అయితే ఆయన ప్రశ్న అడిగింది కాలేజీ విద్యార్థులని, అదీ మమకారం విలువ పక్కన పెట్టి చెప్పమని. అమ్మానాన్నల దగ్గర ఆ పక్కన పెట్టినదే అసలు సరుకు.

మరొకటి నాకు ఎక్కువ నచ్చింది. అమిత్ భట్టాచార్జీ, కాసీ మొగిల్నర్ 2014లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో రాసింది. కుర్రవాళ్లకి అరుదైన, అసాధారణమైన అనుభవాలు ఎక్కువ సంతోషాన్నిస్తాయి. వయసు పైబడ్డవాళ్లకి మాత్రం మామూలు, రోజువారీ అనుభవాలు కూడా దాదాపు అంతే సంతోషాన్నిస్తాయి. కాబట్టి అమ్మానాన్నలకి పెద్ద టూరు ప్యాకేజీ బుక్ చేసి, వాళ్లని ఎయిర్‌పోర్టుల్లో నడిపించక్కర్లేదు. వారం వారం ఒక మధ్యాహ్నం వాళ్లతో గడపండి.

చివరివాడు:
వారం వారం అంటే నాకు కుదరదు మాస్టారూ. నేను వేరే దేశంలో ఉన్నాను, ఈ క్రిస్మస్‌కి సెలవు దొరకలేదు. అమ్మ ఒక్కతే ఉంటుంది. డిజిటల్ ఫోటో ఫ్రేము పంపుదామనుకుంటున్నాను. పనికొస్తుందా?

రెండోవాడు:
పనికొస్తుంది, కానీ డబ్బా నేరుగా అమ్మకి పంపకండి. అక్కడ ఎవరైనా చుట్టాలకి పంపి, వైఫై కలిపించి, ఫోటోలు ఎక్కించి, వెలుగుతున్న ఫ్రేమునే అమ్మ చేతికి ఇప్పించండి. పాస్‌వర్డ్ అడిగే స్క్రీన్‌తో మొదలైన ఏ వస్తువూ ఆ ఇంట్లో నిలబడదు. తర్వాత ఫోటోలు మీ ఫోన్ నుంచే పంపవచ్చు.

ఎలాంటి ఫోటోలు అంటే, పోజులు వద్దు. మీరు వండుకుంటున్న వంటగది, ఆఫీసుకి వెళ్లే దారి, కిటికీలోంచి కనిపించే చెట్టు. మీరు ఎక్కడ బతుకుతున్నారో అమ్మకి తెలియదు, అదే ఆవిడ దిగులు. మా అక్క దూరంగా ఉన్నప్పుడు రోజూ ఒక్క ఫోటో పంపేది. "ఇవాళ వాళ్లింటి ముందు మంచు కురిసింది" అని అమ్మ అందరికీ చెప్పేది, తను చూసొచ్చినట్టు.

చివరివాడు:
ధన్యవాదాలండీ. కిటికీ ఫోటో ఇప్పుడే తీశాను.

పాతపెట్టె:
ఆలస్యంగా వచ్చాను, కానీ ఈ అంశం మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. మీ అమ్మానాన్నల ఇంట్లో అటక మీద, మంచం కింద పెట్టెలో వీడియో క్యాసెట్లు, ఆడియో క్యాసెట్లు ఉన్నాయా? పెళ్లి, మొదటి పుట్టినరోజు, చర్చిలో పిల్లల నాటకం? ఉంటే ఇంకో కానుక వెతక్కండి, వాటిని కంప్యూటర్ ఫైళ్లుగా మార్పించి ఇవ్వండి.

వీహెచ్‌ఎస్ టేపు, అంటే ఇళ్లల్లో వాడిన ఆ వీడియో క్యాసెట్, 1976లో వచ్చింది. ఆ టేపు ఆడించే మెషీన్ల తయారీ ప్రపంచంలో చివరి కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. అంటే ఇప్పుడు నడుస్తున్నవన్నీ పాతవే, బాగుచేసేవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. టేపు కూడా ఊరుకోదు. ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమకి మెత్తబడుతుంది, బొమ్మ రంగు మారుతుంది, గీతలు పడతాయి. ఈ ఏడు ఆడినది పై ఏడు ఆడుతుందన్న నమ్మకం లేదు.

చేయించేటప్పుడు కొన్ని చూసుకోండి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి బూజు కనపడితే ఇంట్లో అస్సలు ఆడించకండి, టేపు తెగుతుంది, మెషీనులో టేపుని చదివే హెడ్ పాడవుతుంది. అలాంటివి అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వాలి. క్యాసెట్ వెనక అంచున ఒక చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, దాన్ని విరిచేస్తే పొరపాటున కూడా దానిమీద రికార్డు అవదు. ఇచ్చే ముందు ప్రతి క్యాసెట్‌కీ అంకె వేసి, దానిమీద రాసున్నదాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఒకచోట నేను ఇచ్చిన క్యాసెట్ల మీద చీటీలన్నీ కలిపేసి తిరిగిచ్చారు, ఏది ఎవరి పెళ్లో తేల్చుకోవడానికి నాకు పట్టిన సమయం తలుచుకుంటే ఇప్పటికీ నీరసం. రెండు గంటల టేపుకి రెండు గంటలూ కూర్చోవాల్సిందే, దగ్గరదారి లేదు. డిసెంబర్‌లో ఇలా మార్చిపెట్టేవాళ్ల దగ్గర రద్దీ, కాబట్టి ఇప్పుడే ఇవ్వండి. ఫైళ్లు వచ్చాక కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచండి, ఒకటి ఆ ఇంట్లో కాకుండా. అసలు టేపులు పారేయకండి.

పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి వచ్చేస్తే ఏం లాభం? పండగ మధ్యాహ్నం మీరే టీవీకి పెట్టి, వాళ్ల పక్కన కూర్చోండి. మా ఇంట్లో మా నానమ్మ గొంతు వచ్చింది ఆ టేపులో. ఎవరినో కోప్పడుతోంది, కెమెరాకి అడ్డం రావద్దని. మా నాన్న "ఆపు" అన్నారు, వెనక్కి తిప్పించారు, మళ్లీ విన్నారు. ఆయన తన తల్లి గొంతు విని ముప్పై ఏళ్లు దాటింది.

కోడలు:
పాతపెట్టె గారూ, ఇది చదివాక అడగాలనిపించింది. మా మామయ్య ఈ ఏడాదే పోయారు. అత్తయ్యకి ఇది ఆయన లేని మొదటి క్రిస్మస్. ఆయన ఫోటోలతో ఒక పుస్తకం అచ్చు వేయిద్దామని మావారు అంటున్నారు. నాకేమో ఆవిడ ఏడుస్తారేమోనని భయం. ఏమీ జరగనట్టు చీరో, బ్యాగో ఇవ్వడానికీ మనసు రావట్లేదు.

రాత్రిడ్యూటీ:
ఏడవడం తప్పు కాదమ్మా. అందరి ముందు, అనుకోకుండా ఏడవాల్సి రావడం కష్టం. పుస్తకం చేయించండి, కానీ పండగ పూట అందరూ చుట్టూ ఉండగా ఇవ్వకండి. రెండు రోజుల ముందు, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి, "మామయ్యగారి ఫోటోలతో ఒకటి చేయించాం అత్తయ్యా. ఇప్పుడు చూస్తారా, మీ దగ్గర ఉంచుకుని మీకు అనిపించినప్పుడు చూస్తారా" అని. ఎప్పుడు తెరవాలో ఆవిడ చేతిలో ఉండాలి. ఆయన పేరు ఎత్తడానికి మాత్రం భయపడకండి. నేను చూసినంతలో, పోయినవాళ్ల పేరు ఇంట్లో ఎవరూ పలకకపోవడమే ఆ మిగిలినవాళ్లని ఎక్కువ కుంగదీస్తుంది.

నిదానం:
దీనికి ఒకటి కలుపుతాను. మామయ్యగారు చేసే పనులు కొన్ని ఇప్పుడు ఎవరూ చేయకుండా ఆగిపోయి ఉంటాయి. క్రిస్మస్ తెల్లవారుజామున చర్చికి ఆవిడని తీసుకెళ్లడం, స్టార్ పైకెక్కించి కట్టడం, బిల్లులు కట్టడం, రాత్రి తలుపులన్నీ వేశామో లేదో చూడటం. అందులో ఒకటి మీరు మీద వేసుకోండి. ఆవిడ అడిగేదాకా ఆగొద్దు, అడగరు. "ఈసారి చర్చికి నాలుగున్నరకి నేను వస్తాను, తయారుగా ఉండండి" అని చెప్పేయండి.

కోడలు:
స్టార్ ఆయనే కట్టేవారు. ఎక్కడుందో వెతుకుతాను. చాలా థాంక్స్ అండీ, మీ ఇద్దరికీ.

లెక్కలమాస్టారు:
మతిమరుపు ఉన్న తల్లిదండ్రుల సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్లకి పాటలు ఇవ్వండి. పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్యవి మిగతావాటికన్నా దట్టంగా నిలుస్తాయి, మనస్తత్వశాస్త్రంలో ఇది బాగా స్థిరపడిన విషయం. కాబట్టి అమ్మకి ఇప్పుడు 80 అయితే, ఆవిడకి పదీ ముప్పై మధ్య ఉన్న సంవత్సరాలు లెక్కగట్టి అప్పటి పాటలు, కీర్తనలు ఏరండి. ఒకే బటన్ నొక్కితే పాడే ప్లేయర్లు దొరుకుతాయి, ఫోన్ వద్దు. వారం, తేదీ, పగలో రాత్రో పెద్ద అక్షరాలతో చూపే గడియారం కూడా మంచిదే. ఎదురుగా కూర్చుని మీరూ పాడండి. పేరు మర్చిపోయిన మనిషి కీర్తన రెండో చరణం అందుకోవడం నేను చూశాను.

విశ్రాంత_ఉద్యోగి:
నాకు 81. మీరంతా మాకు ఏం ఇవ్వాలా అని ఇంత ఆలోచిస్తున్నారని చదువుతుంటే సంతోషంగా ఉంది. అవతలి వైపు నుంచి కొంచెం చెప్పనివ్వండి.

మాకేం వద్దు అన్నప్పుడు మొహమాటం కాదు, నిజంగానే వద్దు. ఇంట్లో ఉన్నవే ఎక్కువైపోయాయి. నా తర్వాత వీటిని ఎవరు సర్దుతారు అన్నది నాకు రాత్రిళ్లు వచ్చే ఆలోచన. మాకు లోటు వేరే ఉంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నలుగురికీ ఇచ్చే చేయి నాది. ఇప్పుడు అందరూ నాకే ఇస్తారు. నన్నెవరూ ఏమీ అడగరు. మా అబ్బాయి పోయిన క్రిస్మస్‌కి "నాన్నా, మీ పాత రంపం, చిత్రిక నాకిస్తారా, ఎలా పట్టాలో చూపిస్తారా" అన్నాడు. ఆ వారమంతా మేమిద్దరం వసారాలో కూర్చుని మనవడికి ఒక బల్ల చేశాం. చిత్రిక పట్టేటప్పుడు చెక్క నార ఎటు నడుస్తోందో వేలితో తడిమి చూడాలి, ఎదురు పడితే పెళ్లలు లేస్తాయి. అది వాడికి చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు ఇంతవరకు. నేను అందుకున్న కానుకల్లో అంత మంచిది లేదు, అందులో వాడు నాకు ఇచ్చిన వస్తువు ఒక్కటీ లేకపోయినా.

మత్తయి సువార్త 2వ అధ్యాయంలో జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారని ఉంది. ఎందరు వచ్చారో అక్కడ రాయలేదు, ముగ్గురు అన్నది తర్వాత వచ్చిన మాట. నేను చూసేది వరస. ముందు ఇంట్లోకి వచ్చారు, బిడ్డని చూశారు, సాగిలపడ్డారు. పెట్టెలు విప్పింది ఆ తర్వాత.

మీ అమ్మానాన్నల ఇంట్లో ఒక వస్తువు అడిగి తీసుకోండి. దాని కథ చెప్పించుకోండి. మాకు భారం తగ్గుతుంది, వస్తువు మంచి చేతుల్లో పడిందని నిద్ర పడుతుంది.

వెలుగునీడ:
పెద్దాయన గారికి నమస్కారం. ఈ థ్రెడ్‌లో నాకు దొరికింది ఇదే.

రెండోవాడు:
నాకూ. రేపు నాన్నకి ఫోన్ చేసి ఆయన టైప్‌రైటర్ అడుగుతాను.

చిన్నకూతురు:
అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. అక్కతో, అన్నయ్యతో మాట్లాడాను. ఈసారి ముగ్గురం మూడు పొట్లాలు తేవట్లేదు. నాన్నని చెవి పరీక్షకి అన్నయ్య వచ్చే వారమే తీసుకెళ్తున్నాడు, అది పండగతో కలపట్లేదు. పండగ రోజు పెద్ద హాల్లో అందరం ఒకేసారి మాట్లాడకుండా, ఆయన దగ్గరికి ఇద్దరిద్దరుగా వెళ్లి కూర్చోవాలని కూడా అనుకున్నాం. అమ్మకి మెడ వంగే దీపం, మా అక్క కూతురికి లంగా బట్ట. ముందుగానే నీలం గౌను సంగతి కదిపాను. ఆవిడ లేచి వెళ్లి పాత కొలతల పుస్తకం తెచ్చింది! అందులో మా ముగ్గురి కొలతలూ ఏడాదివారీగా ఉన్నాయి. ఆ పుస్తకం నాకిమ్మని అడిగాను. "ఇప్పుడే కాదు, ఇంకా పనుంది దాంతో" అంది.

అటక మీద పెట్టెలో క్యాసెట్లు లేవు గానీ ఫోటోలు బోలెడు. వెనక ఏమీ రాసి లేవు, అందులో సగం మందిని నేను గుర్తుపట్టలేను. సెలవుల్లో నాన్న పక్కన కూర్చుని పేర్లు రాయించుకోవాలని ఉంది. ఫోటో వెనక దేనితో రాయాలి? వేటిని ఎలా స్కాన్ చేయాలి?

పాతపెట్టె:
బాల్‌పెన్ వద్దు. మొన నొక్కుకుని ముందువైపు గాడి పడుతుంది, సిరా పక్క ఫోటోకి అంటుకుంటుంది. కాగితంలా గరుగ్గా ఉన్న పాత నలుపు తెలుపు ఫోటోలకి మెత్తటి పెన్సిల్ చాలు. వెనక నున్నగా ప్లాస్టిక్‌లా ఉన్న రంగుల ఫోటోల మీద పెన్సిల్ పట్టదు. వాటికి నీటికి చెదరని పిగ్మెంట్ ఇంకు పెన్ను వాడి, పూర్తిగా ఆరేదాకా ఒకదానిమీద ఒకటి పెట్టకండి. గట్టి బల్ల మీద బోర్లించి, అంచుకి దగ్గరగా, తేలిగ్గా రాయండి. మొహాల వెనక రాయొద్దు.

స్కాన్‌కి 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) అయితే అదే సైజులో మళ్లీ అచ్చు వేసుకోవచ్చు, పెద్దది చేయించాలంటే 600 పెట్టండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయినవి ఉంటే పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయండి. రబ్బరు బ్యాండ్లు కనపడితే మాత్రం వెంటనే తీసేయండి.

నాన్నగారికి ఒకేసారి పెట్టె మొత్తం ముందు పెట్టకండి, పూటకి ఒక దొంతర చాలు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టుకోండి. పేరు రాయడానికి ఒక్క నిమిషం, ఆ మనిషి గురించి ఆయన చెప్పేదానికి అరగంట పడుతుంది. చెవి సంగతి తేలేదాకా ఆయనకి ఎదురుగా, వెలుతురు మీ మొహం మీద పడేలా కూర్చుని అడగండి.